మూడు వందల నలభై అడుగులు

"పదిమంది స్థలాలకి హద్దులు చూపించే మనిషికిచ్చి చేశారు మావాళ్లు. నోరు తెరిచి దారి అడిగే మనిషికిచ్చి చేస్తే వాళ్ల సొమ్మేం పోయేది!" అంది భార్య, చిన్నదాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ.

సర్వేయరుగారు వినిపించుకోలేదు. "రెండు వందల తొంభై ఆరు, తొంభై ఏడు..." అని గొణుక్కుంటూ, కొలిచినట్టు అడుగులు వేస్తూ ముందు నడుస్తున్నాడు.

పిల్లలకి బాతుల్ని చూపిద్దామని మధ్యాహ్నం ఈ పక్షుల వనానికి వచ్చారు. ప్రవేశం ఉచితం. టికెట్టే లేని చోట మ్యాపెవరిస్తారు? వీళ్లు బాతుల్ని చూశారు, బాతులు వీళ్లని చూసి అవతలి గట్టుకి పోయాయి. పిల్లలు ఈ గట్టునే కూర్చుని ఫోన్లలో బాతుల వీడియోలు చూసి రెండు ఫోన్ల ఛార్జింగునీ పూర్తిచేశారు. ఏం పరవాలేదన్నాడాయన. గేటు నుంచి చెరువుకి మూడు వందల నలభై అడుగులని వచ్చేటప్పుడే లెక్కగట్టాడట. అది గంట కిందటి మాట.

"మూడు వందల నలభై!" అని ఆగాడు. ఎదురుగా గేటు లేదు. ఇందాక రెండుసార్లు చూసిన విరిగిన బెంచీ ఉంది.

"హై! మళ్లీ మన బెంచీ!" అని పెద్దాడు చప్పట్లు కొట్టాడు.

"నువ్వు మధ్యలో అంకెలు అరవబట్టే నా లెక్క తప్పింది. నోర్మూసుకుని నడు."

"అరిచింది నేను కాదు నాన్నా, చెల్లి. దానికి పన్నెండు తర్వాత ఇరవయ్యే."

ఆరింటికి గేటు మూసేస్తారని వచ్చేటప్పుడు బోర్డు మీద చదివిందావిడ. ఇప్పుడు ఆరుకి ఇంకా మూడు నిమిషాలే. పొదల మీద ఎండ జారిపోయింది. దోమలు డ్యూటీ ఎక్కాయి.

"అమ్మా, మనం బాతులతోనే పడుకుంటామా?" అంది చిన్నది.

"మీ నాన్ననడుగు. ఏమండీ, వెనకాల గార్డు వస్తున్నాడుగా, ఓ మాట అడిగితే ఏం?"

ఆయన తల తిప్పకుండా గొంతు తగ్గించాడు. "వాడు గంట నుంచీ మన వెనకే ఉన్నాడు. మనం ఆగితే ఆగుతున్నాడు. నీ కొడుకు నత్తగుల్ల జేబులో వేసుకోవడం చూసుంటాడు. ఇక్కణ్ణించి ఆకు కూడా తీసుకెళ్లకూడదని రాసుంది. గేటు దగ్గర పట్టుకుందామని వాడి ప్లాను."

"అయితే గేటు వచ్చేదాకా మనకి భయం లేదు. మీ లెక్కన ఎప్పటికీ లేదు."

పెద్దాడు గుల్ల తీసి బెంచీ మీద పెట్టేశాడు. "ఇచ్చేశాను. ఇప్పుడడుగు నాన్నా."

ఆయన అడగలేదు. కుడివైపు దారిలో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు, ఈసారి గబగబా. పెద్దాడు పరుగందుకున్నాడు. ఆవిడకి ఆయాసం. వెనక బూట్ల చప్పుడు కూడా జోరందుకుంది.

నూట డెబ్భై దగ్గర చిన్నది ఏడుపు లంకించుకుంది. ఆవిడ చేతి గడియారం చూసుకుంది. ఆరూ రెండు. ఇంక చాలనుకుని పిల్లని తెచ్చి ఆయన చేతుల్లో కుదేసి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

"బాబూ, గుల్ల బెంచీ మీదే పెట్టేశాం. కావాలంటే రేపొచ్చి తిట్టించుకుంటాం. ముందు ఆ గేటు మూసేయకుండా చూడు, నీకు పుణ్యముంటుంది!"

గార్డు రొప్పుతూ వచ్చి ఆగాడు. నడుముకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తిని చేత్తో పట్టుకుని, "గేటు ఎవరూ మూయరమ్మా. మూయాల్సింది నేనే," అన్నాడు.

"హమ్మయ్య! అయితే పద, నువ్వు ముందు నడు."

గార్డు కదల్లేదు. టోపీ తీసి నుదుటి చెమట తుడుచుకుని, సర్వేయరుగారి వైపు దిగాలుగా చూశాడు.

"ఇవాళ పొద్దున్నే ఉద్యోగంలో చేరానమ్మా. సారు అంత లెక్కగా నడుస్తుంటే దారి తెలిసిన మనిషనుకుని వెంటపడ్డాను. పొరపాటు నాదే."