ఏడు గంటల కాపీ

"మూడుసార్లు ఫోన్ చేస్తే ఇప్పుడా రావడం? పదకొండింటికి రమ్మంటే పన్నెండున్నరకా?"

గుమ్మంలో చేతిసంచీతో నిలబడ్డ ముసలాయన తడబడ్డాడు.

"అమ్మా, నేను..."

"నిలబడి చూస్తారేంటి? ఏసీ అదిగో, ఆ గోడకుంది."

ఆవిణ్ణి అందరూ సీమటపాకాయ అనేది ఊరికే కాదు. ఆ రోజు మరీ నిప్పుల మీద ఉంది. వంతెనలకి రంగులేసేవాళ్ల మీద అన్నాచెల్లెళ్లిద్దరూ నాలుగేళ్లు తిరిగి తీసిన సినిమా. కెమెరా అన్నయ్యది, ఎడిటింగ్ తనది. సాయంత్రం ఐదులోపు ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌లోకి ఎక్కించి సినిమాల పోటీ ఆఫీసులో ఇవ్వాలి. ఆ ఆఫీసేమో ఊరికి అవతలి కొస, గంట ప్రయాణం. తీరా కాపీ పెడితే తెర మీద ఏమని వచ్చింది? ఇంకా ఏడు గంటలు!

కొత్త డ్రైవ్. పావుగంట పని. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది, యాంటీవైరస్ పీకేసింది, చెడామడా తిట్టింది కూడా. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఏడే. కాపీ కదలట్లేదని అన్నయ్యకి మెసేజ్ పెట్టింది గానీ, వేరే షూటింగులో ఉన్న అతను ఫోన్ చేస్తే, విసుగొచ్చి రెండుసార్లూ కట్ చేసింది. గది ఉడికిపోతోంది కాబట్టి ఆ వేడికే డ్రైవ్ నీరసించిందని తేల్చేసి, ఏసీ మెకానిక్ ప్రాణం తోడేస్తోంది.

ముసలాయన ఏసీ వైపు వెళ్లలేదు. డ్రైవ్ మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది వేడిగా లేదమ్మా. ఈ కేబుల్ ఫోన్ ఛార్జర్‌దిలా ఉంది. కరెంటు బాగానే పోతుంది గానీ డేటా నత్తనడకే. డ్రైవ్‌తో వచ్చిన కేబుల్ పెట్టి చూడండి."

ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"ముందు దాని మీంచి చెయ్యి తీయండి! కేబుల్ సరిగ్గానే పట్టింది. పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా, నాకు పాఠాలా?"

"చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయమ్మా. లోపల తీగలు వేరు."

"ఏసీ చూస్తారా, దయచేస్తారా?"

"నేను ఏసీ మెకానిక్‌ని కాదమ్మా, నేను..."

"కాదా! ఊరూ పేరూ చెప్పకుండా జొరబడి నా డ్రైవ్ ముట్టుకుంటారా? నడవండి బయటికి!"

"ఓ మూల కూర్చుంటానమ్మా. నోరెత్తను."

ఆయన మొహం మీదే తలుపు ధడేల్మంది.

ఆ తర్వాత కేబుల్ మార్చి చూద్దామని చెయ్యి లాగుతూనే ఉంది. మారిస్తే ఆ ముసలాయనే గెలిచినట్టు కదా! నాలుగున్నర దాకా మొండికేసింది. ఇక ఏడుపు ఆగక, డ్రైవ్ వచ్చిన డబ్బా వెతికి అందులోని కేబుల్ పెట్టింది.

పావుగంటలో కాపీ పూర్తయింది.

పావుతక్కువ ఐదు. పోటీ ఆఫీసుకి ఫోన్ చేసింది.

"అయ్యా, కాపీ అయిపోయింది. ఒక్క గంట ఆగండి, తెచ్చేస్తా. మీకు దణ్ణం పెడతా!"

అవతల గుమాస్తా ఆశ్చర్యపోయాడు.

"మీరు రావడమెందుకమ్మా? కాపీ కదలట్లేదని పొద్దున మీ అన్నయ్యగారు మొత్తుకుంటే, 'అయ్యేదాకా అక్కడే కూర్చుని నేనే తెస్తాను, ఐదులోపు నా చేతిలో పడితే ఆఫీసుకి అందినట్టే' అని, ఈ పోటీ పెట్టిన మా పెద్దాయనే మీ దగ్గరికి బయల్దేరారు కదా, ఆయన చేతికివ్వలేదా?"