ముక్కమ్మ మాట

"టీలో ఏదో వాసన," అంది అక్క, ఒక్క గుక్క తాగి కప్పు బల్ల మీద పెట్టేస్తూ.

"పాలు ఇప్పుడే కాచాను. నీ కుళాయి నీళ్లు నాకు పడట్లేదని, మా ఊరి నుంచి తెచ్చుకున్న డబ్బా నీళ్లతో పెట్టాను," అంది చెల్లెలు.

"అందుకే అంటున్నా."

చెల్లెలు నవ్వేసింది. అక్కకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే. ఉండదా మరి, ఆ ముక్కుతోనే కదా ఇన్నాళ్లూ ఇల్లు గడిచింది! ఊరి నీళ్లశుద్ధి కేంద్రంలో ఆమె ఉద్యోగం వాసన చూడటం. నది నుంచి వచ్చి శుద్ధయిన నీళ్లను రోజూ పొద్దున్నే గాజు సీసాలో వెచ్చచేసి ఇస్తారు. ఆమె మూత తీసి వాసన చూస్తుంది. బాగున్నాయంటే ఊరికి వదులుతారు. లేదంటే నది గేటు మూసేసి నిల్వ చెరువు నీళ్లు ఇస్తారు. మిషన్లు లేక కాదు, అవి ఉన్నది నగరంలో; అక్కడికి పంపిన సీసా ఫలితం వచ్చేలోపు ఊరంతా ఆ నీళ్లు తాగేసి ఉంటుంది. కేంద్రంలో అందరూ ఆమెను ముక్కమ్మ అంటారు. ఆ పేరంటే ఆమెకూ ఇష్టమే.

"నిజంగా నీకు తెలియట్లేదా అక్కా? ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే పాత గోడ నాకినట్టుంది."

"ఎన్ని గోడలు నాకావే నువ్వు?"

"వంతెన మీంచి చూశాను. నదంతా పచ్చగా పాకుడు."

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. ఈ మాటలు చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చింది.

"నది సన్నబడిపోయింది. వానలు ఎప్పుడొస్తాయో వాటికే తెలియదు. పై పొలాల ఎరువు, ఊళ్ల మురుగు మాత్రం ఎప్పట్లాగే వస్తున్నాయి. కొట్టుకుపోవడానికి నీళ్లేవీ? ఆ బలమంతా తిని నాచు పెరుగుతుంది. ఇదివరకు ఎండలు ముదిరితే నాలుగు రోజులు మట్టివాసన వచ్చేది, నేనే గేటు మూయించేదాన్ని. ఇప్పుడు ఏడాదిలో సగం నది ఇలాగే ఉంటోంది. అయినా ఈమధ్య మూయాల్సిన పనే పడలేదు. శుద్ధి అంత బాగా చేస్తున్నాం."

"ఊళ్లోవాళ్లు ఏమీ అనట్లేదా?"

"ఒక్కళ్లంటే ఒక్కళ్లు అనలేదు."

చెల్లెలు కుర్చీ దగ్గరికి జరిపి, "నీ ముక్కు పోయిందేమో అక్కా," అంది మెల్లగా.

ఆ భయం అక్కకూ లేకపోలేదు. వయసు మీద పడుతోంది. ముక్కు పోతే ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఊరంతటికీ పాడునీళ్లు తాగించిన పాపం ఒక ఎత్తు. ఆ రెండోదే ఆమె తట్టుకోలేనిది.

"పద, తేల్చుకుందాం. నీ డబ్బా కూడా పట్టుకురా," అంటూ లేచింది.

కేంద్రంలో కెమిస్టు సంగతి విని తల గోక్కున్నాడు. "నేను పోస్తే అమ్మ నా మొహం చూసే కనిపెట్టేస్తుందండీ. మీరే పోయండి," అని చెల్లెలికి రెండు గాజు సీసాలు ఇచ్చాడు.

చెల్లెలు చెక్క అడ్డం వెనక్కి వెళ్లి, ఒకదానిలో కుళాయి నీళ్లు, ఒకదానిలో డబ్బా నీళ్లు పోసి వెచ్చచేసి, మూతలు పెట్టి తెచ్చింది. చూడటానికి రెండూ ఒకటే.

అక్క కళ్లు మూసుకుని మొదటి సీసా మూత తీసింది. ఏమీ లేదు. మళ్లీ చూసింది. ఏమీ లేదు. నిజంగానే పోయిందా అనుకుంది.

రెండో సీసా మూత తీసీ తీయగానే తల వెనక్కి లాక్కుంది.

"ఉంది. ఇందులో ఉంది," అంది. ముక్కు బతికే ఉందన్న సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. కానీ ముక్కుసూటి మనిషి, దాచలేదు.

"ఇవి మనుషులు తాగే నీళ్లు కావు. గేటు మూయించు బాబూ."

"నిల్వ చెరువు అడుగంటిపోయి ఉందమ్మా," అన్నాడు కెమిస్టు.

"అయినా సరే, మూయించు. తప్పు నాదని రాసుకోండి."

అతను ఫోను అందుకున్నాడు. అక్క రెండో సీసాను చేతికందనంత దూరం నెట్టేసి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"నువ్వన్నదే నిజం. ఇంత వాసన ఉంటే ఇన్నాళ్లూ ఎలా వదిలేశానో. పొద్దున ఊరికే కసిరాను, ఏమీ అనుకోకు."

చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తావేమిటే పిచ్చిదానా, నా ముక్కు బాగానే ఉందిగా," అంది అక్క.

రెండో సీసాలో చెల్లెలు పోసింది డబ్బా నీళ్లు, తన ఊళ్లో అందరూ ఏ వాసనా లేదనుకుని రోజూ తాగేవి.