నూగుపువ్వా, మడతపువ్వా?

"బాబాయిగారూ, ఇది నూగుపువ్వు కాదండీ."

జిగురాయన చేతిలో కుంచె ఆగిపోయింది. మొక్కల్ని పోల్చి, పేరు రాసి భద్రపరిచే ఆ ఆఫీసులో ఎండిన మొక్కల్ని అట్టల మీద అతికించడం ఆయన ఉద్యోగం. ఆ గదిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు.

"ఏ అట్టమ్మా?" అన్నాడు, ఏమీ తెలియనట్టు.

కొత్తావిడ అట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. రేపటినుంచి ఈ గది పెత్తనం ఆవిడదే. పెద్ద మేడమ్ ఈ సాయంత్రం రిటైరవుతోంది. అప్పగింతల కోసం కొత్తావిడ పొద్దుటినుంచీ నీటిమొక్కల బీరువా ముందేసుకుని కూర్చుంది.

"కట్టకి అట్టడుగున ఉంది. నూగుపువ్వూ మడతపువ్వూ అక్కచెల్లెళ్ళే అనుకోండి. నీళ్ళమీద తేలే గుండ్రటి ఆకు, బొత్తామంత తెల్లపువ్వు, మధ్యలో పసుపు. దూరంనుంచి కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. కానీ నూగుపువ్వుకి రేకు నిండా నూగుంటుంది కదా? దీనికి రేకంతా నున్నగా ఉంది, నడుమ నిలువుగా ఒక్క మడత. వేణ్ణీళ్ళలో నానబెట్టి మరీ చూశాను. మడతపువ్వే. చీటీ మీదేమో నూగుపువ్వని రాసుంది. సంతకం ఎవరిదో చూశారా?"

చూడక్కర్లేదు. అది పెద్ద మేడమ్ సంతకం. పెద్ద మేడమ్ ఆయన భార్య.

ఆ గదిలో ఒక పద్ధతుంది. తప్పు దొరికితే పాత చీటీ చింపరు, కొట్టెయ్యరు. పక్కనే సవరణ చీటీ అతికించి, దిద్దినవాళ్ళ పేరూ తేదీ రాస్తారు. పెద్ద మేడమ్ చేతుల్లో అలా సవరణ పడని పండితుడు లేడు. ఆవిడ సంతకం పక్కన మాత్రం ఇంతవరకూ ఒక్క చీటీ పడలేదు.

"వదిలెయ్యమ్మా," అన్నాడు జిగురాయన. "వెళ్ళిపోయే రోజు..."

"ఎలా వదిలేస్తానండీ? రేపు దీన్నే చూసి ఇంకొకరు తప్పు నేర్చుకుంటారు. ఆవిడ నేర్పిన చదువే కదా ఇది?" అంది కొత్తావిడ. "నాకు మాత్రం సరదానా? అంత మనిషి ఇంత చిన్న తప్పు ఎలా చేసిందో అర్థంకావట్లేదు."

జిగురాయన కుంచె కింద పెట్టాడు. మామూలుగా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు ఈ ఒక్క మాటా ముప్ఫైరెండేళ్ళు కడుపులో దాచుకున్నాడు.

"తప్పు ఆవిడది కాదమ్మా, నాది. అప్పటికింకా మాకు పెళ్ళికాలేదు. నాకేమో ఆవిడంటే పంచప్రాణాలు. ఆవిడ చదువెక్కడ, నా జిగురుడబ్బా ఎక్కడ! ఓ రోజు చెరువునుంచి ఈ మొక్క తెచ్చాను. దారిలోనే పూలు ముడుచుకుపోయాయి. దాన్ని ఆవిడ చేతికిస్తూ, ఉండబట్టలేక అడిగేశాను, నన్ను చేసుకుంటారా అని. ఆవిడ నవ్వేసి, 'ఇది నూగుపువ్వయితే సరే. మడతపువ్వయితే మళ్ళీ ఆ ఊసెత్తకూడదు' అంది."

"అమ్మో! తర్వాత?"

"మొక్క ఆరాక, అతికించేముందు ఒక పువ్వు నానబెట్టి చూశాను. మడత! ప్రాణం ఉసూరుమంది. వెళ్ళి 'నూగేనండీ' అని అబద్ధమాడేశాను. పిచ్చిది, నా మాట నమ్మి చీటీ రాసేసింది. జన్మలో చూడకుండా పెట్టిన సంతకం అదొక్కటే."

కొత్తావిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి చెప్పలేదా ఎప్పుడూ?"

"ఎన్నిసార్లు నోరు తెరిచానో! మోసం చేసి కట్టుకున్నావా అని ఒక్కమాటంటే నేను బతకలేనమ్మా." ఆయన లేచి అట్ట తీసుకున్నాడు. "నీ సవరణ చీటీ కూడా ఇలా ఇయ్యి. ఇంకొకరి నోట వినడంకన్నా నేనే చెప్పుకుంటాను."

పెద్ద మేడమ్ తన గదిలో సొరుగులు ఖాళీ చేసుకుంటోంది. ఆఫీసులో ఆయన కూడా ఆవిణ్ణి మేడమ్ అనే పిలుస్తాడు. ఇవాళ ఆ పిలుపు రాలేదు.

"ఏమోయ్, ఇది మడతపువ్వు," అన్నాడు. "నాకు ఆ రోజే తెలుసు. నిన్ను పోగొట్టుకోలేక అబద్ధం చెప్పాను. నువ్వు నన్ను నమ్మావు. నీ పేరుకి మచ్చ తెచ్చాను."

పెద్ద మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని అట్ట చూసింది. సవరణ చీటీ చదివింది. రెండూ బల్ల మీద పెట్టింది.

"కూర్చోండి ముందు. ఇదా ఇన్నేళ్ళూ మోసుకు తిరుగుతున్నారు?"

"నన్ను క్షమించు."

ఆవిడ ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. జిగురు ఎండి చెక్కుకట్టిన ఆయన వేళ్ళని తన చేతుల్లోకి తీసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నవ్వు ఆపుకోలేకపోయింది.

"పిచ్చి మనిషీ, ఆ సంతకం చూసే పెట్టాను."