ఒక్క అంతస్తు

"లిఫ్టులో పట్టదమ్మా. మెట్ల మీద దించాల్సిందే" అన్నాడు పక్కవాటా ఎలక్ట్రీషియన్, శవపెట్టెను టేపుతో కొలిచి.

కోడలు మెట్లవైపు తొంగి చూసింది. మూడో అంతస్తు. ఇరుకు మెట్లు. మలుపు దగ్గర ఊగులాడే రెయిలింగు.

"కింది వైపు ఎవరు పడతారు?"

"నేను" అన్నాడు ఆమె కొడుకు.

మామగారు పోయి ఒక పూటయినా కాలేదు. అప్పుడే ఆమె కళ్ళకు మెట్ల మీద దొర్లిపోతున్న కొడుకు కనిపిస్తున్నాడు.

ఆమె భయాలకు నవ్వని మనిషి ఆ ఇంట్లో మామగారొక్కడే. పిల్లాడు బడినుంచి కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె నోరు తెరవకముందే బూట్లు తొడుక్కుని వీధి చివరకు వెళ్ళి నిలబడేవాడు.

"భయపడితే తప్పేముందమ్మాయ్? భయపడ్డవాడే చూసి అడుగేస్తాడు. యుద్ధంలో మేమంతా భయపడ్డవాళ్ళమే" అనేవాడు.

ఇప్పుడిక ఎవరున్నారు అలా అనడానికి?

హాల్లో కొడుకు అందరికీ తాత సంగతే చెబుతున్నాడు. చుట్టూ మంచు, పైనుంచి కాల్పులు. కదల్లేని స్నేహితుణ్ణి తాత వీపున వేసుకుని కొండ దింపేశాడట.

ఆ కథ వాడికి ప్రాణం. చిన్నప్పుడు "మోసింది నువ్వేగా తాతా?" అని అడిగితే, పెద్దాయన వాడి తల నిమిరి ఊరుకునేవాడు.

గుమ్మంలో ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది. ఒక ముసలాయన. పాత కోటు, మెరిసే బూట్లు. కుడి భుజం మేకు ఊడిన పలకలా కిందికి వాలిపోయి ఉంది.

"ఎవరండీ?"

"మీ మామగారూ నేనూ ఒకే పటాలం అమ్మా."

పెట్టె దగ్గరకు వచ్చి నిటారుగా నిలబడ్డాడు. సెల్యూట్ చేయబోయాడు. చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది.

కోడలికి చటుక్కున తట్టింది.

"మా మామయ్య మోసుకొచ్చింది మిమ్మల్నేనా?"

కొడుకు ఒక్క అంగలో దగ్గరికి వచ్చాడు.

"నిజంగానా? తాత మోసింది మిమ్మల్నా?"

ముసలాయన వాడి మొహంలోకి చాలాసేపు చూశాడు.

"అవును బాబూ, నన్నే" అన్నాడు.

కొడుకు ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

"దారిలో ఏమన్నాడు తాత?"

"ఏమంటాడు! కొండ దిగేదాకా నన్ను తిడుతూనే ఉన్నాడు."

"ఏమని?"

"ఆడవాళ్ళున్నారు, ఆ తిట్లు ఇక్కడెందుకులే!"

అంత ఏడుపులోనూ ఇంట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

పెట్టె లేపే వేళయింది. ముసలాయన కోడలి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నన్నూ ఓ చెయ్యి వెయ్యనివ్వు. ఒక్క అంతస్తు చాలు."

"మీరా? వద్దండీ!"

"ఎడమ భుజం గట్టిదే."

"మలుపులో మీరు తూలారంటే కింద మా అబ్బాయి ఉంటాడండీ."

"చివరి అంతస్తయినా..."

"ఆయన చేత మోయించుకున్నారుగా, ఇంకా చాల్లేదా? మీరు కూడా పడితే మిమ్మల్నెవరు మోస్తారు?"

ఆ మాట తనకే ములుకులా తగిలింది. కానీ అనేసింది. భయం అలాంటిది.

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆయన చూపు కుర్రాడి మీద పడింది. వాడు తాత తలవైపు నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"నిజమేనమ్మా. మోయించుకున్నవాణ్ణి" అని ముసలాయన పక్కకు తప్పుకున్నాడు.

పెట్టె మెట్లు దిగింది. "అయ్యో, మెల్లిగా... గోడవైపు, గోడవైపు!" అంటూ కోడలు వెనకే దిగింది. మలుపు కూడా దాటింది. కొడుకు క్షేమంగా నేల మీద కాలు పెట్టేసరికి ఆమెకు ఊపిరొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చి పైకి చూసింది. ముసలాయన రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. ఆయన కిందికి చేరేలోపే వ్యాను కదిలింది.

అందరూ తిరిగొచ్చేసరికి ముసలాయన అక్కడ లేడు.

సాయంత్రం మామగారి ఇంకో స్నేహితుడు వచ్చాడు. సైన్యంలో కాంపౌండరుగా చేసినవాడు. పొద్దుననగా బయలుదేరితే దారిలో బస్సు చెడిపోయిందట. అది ఏ లోయలో పడిందోనని కోడలు అప్పటికే ఒకసారి ఏడ్చింది కూడా.

"వాడొచ్చాడా అమ్మా? భుజం వాలి ఉంటుంది..."

"వచ్చారండీ. మా మామయ్య మోసుకొచ్చిన ఆయనేగా?"

కాంపౌండరు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాడు.

"అలా అని ఎవరు చెప్పారు?"

"ఆయనే ఒప్పుకున్నారండీ, మా అబ్బాయి ముందు."

కాంపౌండరు లోపలి గదివైపు చూశాడు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన కుర్రాడు తాత మంచం మీద పడుకుని ఉన్నాడు. కాంపౌండరు గొంతు తగ్గించాడు.

"పోనీ, పెట్టెకి భుజం పట్టాడా?"

"లేదండీ, నేనే వద్దన్నాను. ఆ పడిపోయిన భుజంతో ఏం మోస్తారని..."

"కొండ కింద గుడారంలో వాళ్ళిద్దరి కోసం ఎదురు చూసింది నేనేనమ్మా" అన్నాడు కాంపౌండరు. "ఆ భుజం పడిపోయింది మీ మామగారి బరువుకే."