మారు చుక్క

వంకాయలు తరుగుతుండగా హిమజ వేలు తెగింది. అత్తగారు తాయారమ్మ, అందరిళ్లలోనూ ఉండే వైరస్ చుక్కల సీసా తెచ్చి గాయం మీద వేసింది. ఆ వైరస్ ఎదుగుదల జన్యువును కణాల్లోకి చేర్చగానే గాయం పూడిపోయింది.

సాయంత్రానికి అక్కడే శనగగింజంత బుడిపె లేచింది.

"అత్తయ్యా, ఒక్క చుక్కే వేశారు కదా?"

"ఒక్కసారే వడ్డిస్తే పగవాళ్లకి పెట్టినట్టు కాదుటే? మారు కూడా వేశాను."

రెండో చుక్క పడితే కణాలు పెరగడం ఆపవు. హిమజ డాక్టరుకు ఫోన్ చేసింది.

"భయపడకండమ్మా. వేలు తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదు. వెంటనే రండి."

హిమజ చెప్పులు వేసుకుంటుంటే తాయారమ్మ గుమ్మం దాకా వచ్చింది. "పొద్దున మన మువ్వ గుమ్మానికి కొట్టుకుందే... దానికీ మారు వేశాను."

"ఎక్కడ?"

లోపలి నుంచి కూతురు మువ్వ నుదురు గోక్కుంటూ వచ్చింది.

"అమ్మా, ఇక్కడేదో మొలుస్తోందే."