కర్టెన్ నీడ

కట్టు మధ్యలో అగ్గిపెట్టెంత చోటు కప్పకుండా వదిలారు. అందులోంచి కూతురి చర్మం కనిపిస్తోంది.

మొన్నటిదాకా అది వీపు. ఇప్పుడు రొమ్ము.

కాన్సర్ పట్టిన రొమ్ము తీసేశారు. ఆ ఖాళీలోకి వీపు కండని, రక్తనాళం తెగకుండా, చంక కిందుగా ముందుకు తెచ్చి కుట్టారు.

వీపు మీది పుట్టుమచ్చ కూడా దాంతోపాటే వచ్చేసింది. చిన్నప్పుడు వీపు తోముతూ ఆ మచ్చని తల్లి ఎన్నిసార్లు చూసిందో. కూతురు ఒక్కసారీ చూసుకోలేదు.

"నీ ఒక్కదాని సొత్తు అనుకున్నావుగా. ఇక నేనూ చూసుకుంటా," అంది కూతురు, తెలివి రాగానే.

నర్సు ఆ చోట వేలితో నొక్కి చూపించింది.

"నొక్కితే తెల్లబడాలి, వదిలితే రంగు రావాలమ్మా. ఆ పక్కకి ఒత్తిగిలనివ్వకండి, రక్తనాళం నొక్కుకుపోతుంది. నీలంగా మారితే మాత్రం వెంటనే బెల్ కొట్టండి. ఆలస్యమైతే కండ చచ్చిపోతుంది."

చచ్చిపోతుంది అన్న మాట తప్ప తల్లికి ఇంకేమీ వినపడలేదు.

చెమట పడితే బెల్ కొట్టింది. కూతురు మూలిగితే కొట్టింది. పొద్దున చర్మం నీలంగా కనిపించేసరికి వదలకుండా కొట్టింది.

నర్సు పరుగున వచ్చింది. చూసింది. గది కిటికీకున్న నీలం కర్టెన్ పక్కకి లాగింది.

చర్మం ఎర్రగా, నిక్షేపంలా ఉంది.

"కర్టెన్ నీడమ్మా! మీ దెబ్బకి నాకు బీపీ వచ్చేలా ఉంది."

పక్క మంచం ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"సైరన్," అంది కూతురు. చిన్నప్పటినుంచీ అమ్మకి తను పెట్టిన పేరు. "కంటిమీద కునుకు లేదే అమ్మా. కాసేపు పడుకుంటాను. ఆ మోత ఆపు, నాకోసం."

"కొట్టను తల్లీ. ఒట్టు."

నర్సు కర్టెన్ మళ్ళీ మూసి, కొత్తగా వచ్చిన కేసు దగ్గరికి వెళ్ళింది.

కూతురు నిద్రలో కుట్లున్న వైపుకి ఒత్తిగిల్లింది. సరిచేద్దామని తల్లి లేవబోయి, కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళకి పట్టిన నిద్ర.

మధ్యాహ్నం ఎండ కర్టెన్ మీద పడింది. గోడ నీలం. దుప్పటి నీలం. తల్లి చేతులు నీలం.

మచ్చ చుట్టూ చర్మం కూడా.

చెయ్యి దానంతటదే బెల్ మీదకి వెళ్ళింది. వెనక్కి తీసుకుంది.

పోనీ కర్టెన్ లాగి చూద్దామా అంటే, ఎండ తిన్నగా పిల్ల మొహం మీదే పడుతుంది.

నీడేలే, అనుకుంది. బుద్ధెరిగాక మొదటిసారి, చెడు కాదులే అనుకుంది.

బెల్‌ని దిండు కిందికి తోసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పొద్దు వాలుతుంటే నర్సు వచ్చింది.

"ఏంటమ్మా, ఇవాళ నన్ను మర్చిపోయారు?" అని నవ్వుతూ కర్టెన్ లాగింది.

గోడ తెల్లబడింది. దుప్పటి తెల్లబడింది. తల్లి చేతులు మామూలు రంగుకొచ్చాయి.

నర్సు నవ్వు ఆగిపోయింది. వేలితో నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

తల్లి కర్టెన్ వైపు చూసింది.

స్ట్రెచర్ వచ్చింది. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర కూతురు అమ్మ వేళ్ళు పట్టుకుంది.

"మచ్చ కనిపిస్తోందా అమ్మా?"

తల్లి వంగి చూసింది. ఆ నలుపులో మచ్చ ఎక్కడుందో తెలియలేదు.

"కనిపిస్తోంది తల్లీ."

తలుపు మూసుకుంది.

గదిలో మంచం ఖాళీగా ఉంది. దిండు కిందినుంచి బెల్ తీగ వేలాడుతోంది.

తల్లి బెల్‌ని చేతిలోకి తీసుకుని, నొక్కింది.