సవతమ్మ కుక్క

"జర ఆ గొలుసు నాకియ్యి. నీ చేతులు తెగిపోయేటట్టున్నయి," అంది కమల.

హరీష్ ఇవ్వలేదు. తోట గేటు కనబడగానే ఆటోలోంచి దూకిన కుక్క బబ్లూ, టికెట్లు తీసుకునేదాకా కూడా ఆగకుండా లాగుతోంది.

జనగామకు ఇరవై కిలోమీటర్ల దూరంలో, వందేళ్ల కింద ఒక దొర ముచ్చటపడి వేయించుకున్న గడి తోట అది. రాతి కాలువలు, మెట్ల బావి, వరుసలు తీరిన మామిళ్లు. దొరలు పోయారు, తోట సర్కారుదయింది. ఆదివారం వచ్చిందంటే జనం టిఫిన్ డబ్బాలతో దిగుతారు. పెళ్లయి ఏడాది నిండిన రోజున ఇక్కడికి రావాలన్నది కమల కోరిక. కుక్కను కూడా తేవాలన్నది హరీష్ కోరిక.

కుక్క సుమది. సుమ హరీష్ మొదటి భార్య, మూడేళ్ల కింద జ్వరంతో పోయింది. బతికున్న సవతి అయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు, పోయినామెతో ఏం పోట్లాడతారు? ఆనవాయితీ ప్రకారం, పోయిన సవతి గుర్తుగా కమల మెడలో సవతమ్మ బిళ్ల కట్టారు. చీరయినా గాజులయినా ముందు ఆ బిళ్లకు చూపించాకే తను వేసుకోవాలి. అంతవరకు ఓర్చుకుంది. కానీ భూపాలపల్లి బొగ్గుబాయి నుంచి వారానికొకసారి ఇంటికొచ్చే మొగుడు, ముందు కుక్క తల నిమిరి "సుమ పాణంరా నువ్వు" అంటాడు. ఆ తర్వాతే పెళ్లాం గుర్తొస్తుంది. కమల కళ్లల్లో నిప్పులు పోసుకునేది. నెల్లికుదురులో ఉన్న తమ్ముడికి దాన్ని ఇచ్చేద్దామని నెల రోజులుగా పోరుతోంది. ఇవాళ ఔననిపించుకున్నాకే ఇంటికి పోవాలని వచ్చింది.

లోపల దారి మూడుగా చీలింది.

"ఎటు పోదాం?" హరీష్ దిక్కులు చూశాడు.

బబ్లూ చూడలేదు. ఎడమకు తిరిగి, కాలువ దాటి, బావి చుట్టుకుని, పారిజాతాల గుబురు వెనకున్న రాతి అరుగు కింద పోయి పడుకుంది. అక్కడొక అరుగుందని దారిన పోయేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

దిక్కులు చూసిందంతా నాటకమన్నమాట, అనుకుంది కమల.

పాదులు తీస్తున్న ముసలి తోటమాలి బాబామియా పార పక్కన పెట్టాడు. కుక్క ఉరికిపోయి ఆయన చేతులు నాకింది.

"అరె బబ్లూ, ఎన్ని దినాలాయెరా." హరీష్ వైపు కళ్లు చికిలించి చూశాడు. "సలామ్ సారు. మీసాలు తీసేసినవా? నా కండ్లు జర మసక, గుర్తువట్టలే."

హరీష్ చెయ్యి మీసాల్లేని పై పెదవి మీదికి పోయింది.

మీసాలు పెంచమని కమల ఎన్నిసార్లు బతిమాలిందో. దురద పెడతాయని తప్పించుకున్నాడు. సుమ కోసమయితే దురద పెట్టలేదు కాబోలు.

"మస్తుసార్లు వచ్చేటోళ్లా తాతా?" అంది, ఉండబట్టలేక.

"వారం వారం వస్తుండ్రి బిడ్డా. గీ అరుగు మీదనే కూసుందురు. పొద్దుగూకేదాంక ముచ్చట్లే. ఆమె నవ్వితే గేటుకాడికి వినబడేది. ఆమె ఏది సారు?"

"పోయింది," అన్నాడు హరీష్.

ముసలాయన అల్లాను తలుచుకుని, పార తీసుకుని మెల్లగా అవతలికి పోయాడు.

కమల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నన్ను ఒక్క సినిమాకన్నా తోల్కపోయినవా? బాయి డ్యూటీ, ఒళ్లు నొప్పులు అంటవు. ఆమెకయితే తోటలు, మీసాలు, పొద్దుగూకేదాంక ముచ్చట్లు."

హరీష్ అరుగు మీద కూలబడ్డాడు. బబ్లూ వచ్చి ఒళ్లో తల పెట్టబోతే, మొదటిసారి దాన్ని పక్కకు తోసేశాడు.

"దీన్ని రేపే మీ తమ్మునికిచ్చెయ్," అన్నాడు.

నెల రోజుల పోరు ఒక్క మాటతో తీరింది. అయినా కమలకు సంతోషం కలగలేదు. ఆమె గుర్తుకొస్తేనే ఇంత తల్లడిల్లితే, ఇక తన చోటెక్కడ?

"నా మీద ఒట్టేసి చెప్పు," అంది. "ఆమెతోని ఎన్నిసార్లు వచ్చినవు ఇక్కడికి?"

హరీష్ తలెత్తలేదు.

"గీ తోటల నేను అడుగువెట్టుడు గిదే మొదలు."